టీకా మచ్చ

మన యిండ్లలో అరువదేండ్లు పైబడిన పెద్దల భుజమునకు కొంచెము దిగువను చింతగింజంత నొక్కుమచ్చ యొకటియో రెండో కానవచ్చును. మనుమలు దానిని తడిమి యిదేమని యడిగినచో, చిన్నప్పుడు టీకా వేసినారని చెప్పి పెద్దవారు ఊరకుందురు. ఏ వ్యాధికొఱకు ఆ టీకా వేయించిరో ఆ వ్యాధి నేడు భూమిమీద లేదు; కనుక చెప్పుటకు వారికి మిగిలినదియు స్వల్పమే. ఆ మచ్చ వెనుక నున్న కథ యేమి, బిడ్డకు దానిని వేయించుటకు ముందు తలిదండ్రులు ఏమేమి తూచి చూచుకొనవలసివచ్చినది, తూచి చెప్పలేని పసివాని శరీరముపై పెద్దల కెంతవఱకు అధికారము కలదు అను విషయములను మేమిచ్చట కొంత విచారింపదలచితిమి. నేటికిని పసిబిడ్డను ఒడిలో నుంచుకొని సూదికి ఆ చిన్నచేయి చాపి పట్టుకొను తల్లి మనసులో నీ ప్రశ్న మెదలుచునే యున్నది గనుక దీనిని గడచిపోయిన ముచ్చటగా నెంచుటకు వీలులేదు.

మశూచిని పేరుపెట్టి పిలుచుటకు మనవారు జంకిరి. పెద్దమ్మవారు పోసినదనియు, తల్లి వచ్చినదనియు చెప్పుకొనుచు దానిని దేవతగా నెంచిరి. ఇంట తాలింపు వేయరు. గుమ్మమునకు వేపమండలు కట్టుదురు. రోగి పడకపై వేపాకు పఱతురు. పైవారిని లోనికి రానీయరు. చదువుకొన్నవారు వీని నన్నిటిని మూఢాచారములని నవ్వి త్రోసివేయుట యలవాటు. మేమట్లు త్రోసివేయజాలము. పైవారిని గడప దాటనీయకపోవుట అంటురోగమునకు తగిన కట్టడియే. చిక్కు మఱియొకచోట నున్నది. వచ్చినది దేవత కోపమైనపుడు మనుష్యుడు చేయగలిగినది మ్రొక్కుటయే గాని వేఱొండు లేదు. బిడ్డ బ్రతికిన తల్లి కరుణ, చనిపోయిన తల్లి ఆగ్రహము. తండ్రికి బాధ్యతయు లేదు, అపరాధమును లేదు. అట్టి మనశ్శాంతి చిన్నది కాదు. టీకా వచ్చి యా శాంతిని చెఱిపినది.

రోగమేమో దయలేనిది. దాని ఉగ్రరూపము సోకిన పదుగురిలో ఇంచుమించుగా ముగ్గురిని చంపుచుండెను. బ్రతికినవారిలో ననేకుల మొగములు గుంటలు పడెడివి. కొందఱి కన్నులు పోయెడివి. అయితే ఒకమాఱు సోకి బ్రతికినవానికి మఱల రాకపోవుట దాని గుణము. ఈ యొక్క గుణమును పట్టుకొనియే పూర్వులు ఉపాయము కనిపెట్టిరి. రోగి పొక్కులోని రసిని కొంచెము తీసి ఆరోగ్యవంతుని చర్మములో గీరి యెక్కించినచో, తఱచుగా తేలికపాటి మశూచి వచ్చిపోవును. పిమ్మట జన్మమంతయు భయముండదు. వంగదేశమున నీ విద్య నెఱిగిన బ్రాహ్మణులు ఏటేట గ్రామములకు వచ్చి యీ పని చేయుచుండిరని, వారు విధించు పథ్యములతోకూడ, హాల్వెల్ అను ఆంగ్లవైద్యుడు 1767లో లండనులో ప్రకటించిన పుస్తకమున వర్ణించినాడు. గుర్తు, బొట్టు అను అర్థముగల ఉత్తరదేశపు టీకా శబ్దమే మనకును వచ్చి యింటిమాట యైనది.

తురుష్కదేశమునను ఈ యాచారముండెను. అచ్చటి ఆంగ్లరాయబారి భార్య మేరీ మాంటేగ్యూ తానే మశూచిచే మొగము చెడిన స్త్రీ. ఆమె 1718లో కాన్‌స్టాంటినోపిలు నగరమున తన కుమారునికి, 1721లో లండనున తన కుమార్తెకు ఇట్లు చేయించినది. తాను నమ్మినదానిని ముందు తన బిడ్డలకే చేయించిన యీమె ధైర్యమును మేము కొనియాడుదుము. తరువాత జరిగిన దంత కొనియాడదగినది కాదు. రాజకుటుంబమువారికి ఆశ పుట్టినది గాని నమ్మకము కుదురలేదు. 1721లో న్యూగేటు చెఱసాలలోని ఆర్గురు మరణశిక్షితులకు, బ్రతికిన విడిచిపెట్టుదుమని చెప్పి, మశూచి నెక్కించి చూచిరి. ఆర్గురును బ్రతికిరి. పిమ్మట దిక్కులేని పిల్లలకు ఎక్కించి చూచిరి. వారును బ్రతికినపిదపనే 1722లో యువరాణి తన యిద్దఱు కుమార్తెలకు చేయించినది. ముందు ఖైదీలు, పిమ్మట అనాథలు, కడపట రాచబిడ్డలు! ఈ వరుసను చదువరులు గుర్తుంచుకొందురుగాక. దీనితో మనకు మఱల పని కలదు.

అదే 1721లో అమెరికాలోని బోస్టను పట్టణమున మశూచి చెలరేగినది. అచ్చటి మతాచార్యుడు కాటన్ మేథరు ఈ యుపాయమును తన యింట బానిసగానున్న ఒనీసిమస్ అను ఆఫ్రికావానివలన వినెను. తన చిన్నతనమున స్వదేశమున తనకట్లే చేసిరని యాతడు చేతిమీది మచ్చను చూపెనట. ఆ మాట విని బాయిల్‌స్టన్ అను వైద్యుడు ఆఱేండ్ల తన కుమారునితో ప్రారంభించి సుమారు 240 మందికి ఎక్కించెను; వారిలో 6 గురు చనిపోయిరి. ఆ యేడు ఆ పట్టణమున మశూచిచే మరణించినవారు 844 మంది. ప్రజలు వైద్యుని మెచ్చుకొనిరా యన్న, మెచ్చుకొనలేదు. పైపెచ్చు ప్రాణహాని చేయజూచిరి. మశూచి చంపిన 844 మందికి జవాబుదారి లేడు. టీకా చంపిన ఆర్గురికి కలడు!

ఈ బోస్టనులోనే పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ టీకాను నమ్మినవాడే. అయినను నాలుగేండ్ల కుమారునికి వంట్లో బాగుండలేదని వాయిదావేయుచుండగా 1736లో ఆ బాలుడు మశూచిచే పోయెను. వృద్ధుడై తన చరిత్రము వ్రాసుకొనునపుడు సైతము ఆయన కీ శోకము తీఱలేదు. టీకావలన బిడ్డ చనిపోయిన తమ్ము తాము క్షమించుకొనలేమని వెనుదీయు తలిదండ్రులు, టీకా లేకపోవుటవలన చనిపోయినను ఆ పశ్చాత్తాపమే మిగులునని తెలిసికొనవలెననియు, రెండును సమానమైనపుడు అపాయము తక్కువగు దారినే యెన్నుకొనుట మేలనియు ఆయన వ్రాసిన భావము. పండితుని తర్కముకంటె నీ తండ్రి మాట మాకు బరువుగా తోచుచున్నది.

పండితుల తర్కము మాత్రము తేలికైనదా? 1760లో పారిసునగరపు విద్వత్పరిషత్తు ముందు డేనియల్ బెర్నౌలీ అను గణితశాస్త్రజ్ఞుడు ఒక లెక్క నుంచినాడు. మశూచి సోకిన ఎనమండుగురిలో ఒకడు చనిపోవును. ఎక్కించుకొన్నవారిలో 200 మందికి ఒకడు చనిపోవును. అందఱును పుట్టగనే ఎక్కించుకొన్నచో మనుష్యుని సగటు ఆయువు 26 సంవత్సరముల 7 మాసములనుండి 29 సంవత్సరముల 9 మాసములకు పెరుగునని తేల్చినాడు. తలకు మూడేండ్లకు మించిన లాభము! ఏ రాజైనను ఇంతకంటె నేమి కోరును? దానికి డాలంబేర్ అను మఱియొక గణితజ్ఞుడు అడ్డు చెప్పినాడు. ఆయన టీకాకు శత్రువు కాడు. ఆయన చెప్పిన దిది: రాజ్యమునకు లాభమైనది ఒక మనుష్యునకు లాభమగునని యెట్లు చెప్పగలము? ఎక్కించుకొన్నవానికి అపాయము ఈ నెలలోనే యున్నది. లాభమేమో ఎన్నడో జీవితపు కొననున్నది. ఎదుట నిలిచిన చావును ఎక్కడనో యున్న మూడేండ్లతో ఒకే త్రాసులో తూచుట సరికాదు.

తల్లి రాజ్యము కాదు. ఆమెకు 200 మంది బిడ్డలు లేరు, ఒక్కడే కలడు. ఆ ఒక్కడు పోయిన, తక్కిన 199 మంది క్షేమముగా నున్నారను వార్త ఆమె చెవికెక్కునా? అందుచేత డాలంబేరు వేసిన ప్రశ్న సరియైనదే యని మా యభిప్రాయము. దానికి బెర్నౌలీ లెక్కలో సమాధానము లేదు. ఆ 200 అను సంఖ్యను వేలకు, లక్షలకు పెంచి, అపాయమును కంటికి కానరానంతగా తగ్గించుటయే దానికి సరియైన సమాధానము. అది గణితజ్ఞునివలన కాక పల్లెటూరి వైద్యునివలన వచ్చినది.

ఆవుల పొదుగుపై వచ్చు గోమశూచి పాలుపితుకు స్త్రీల చేతులకు సోకుననియు, అట్లు సోకినవారికి మనుష్యమశూచి రాదనియు ఇంగ్లండులోని గొల్లపల్లెలలో చెప్పుకొనుచుండిరి. ఎడ్వర్డ్ జెన్నరు దానిని పరీక్షింపదలచి 1796 మే 14వ తేదీన సారా నెల్మెస్ అను పాలపనికత్తె చేతిపొక్కులోని రసిని జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఎక్కించెను. జూలై 1వ తేదీన ఆ బాలునికే అసలు మశూచిని ఎక్కించెను. ఏమియు కాలేదు. 1798లో గ్రంథము ప్రకటించెను; లోకము మాఱినది.

జెన్నరును దేవునిగా పూజించు వ్యాసములు మనకు కొదవలేదు. మేమును ఆయనకు నమస్కరింతుము. అయినను ఆ ఎనిమిదేండ్ల బాలుడు పేదవాని కొడుకగుటయు, జెన్నరు ఈ పరీక్షను తన యింటివారితో ప్రారంభింపక ఆ బాలునితో ప్రారంభించుటయు మా మనసులో ముల్లువలె నున్నవి. ఆ కాలమున మనుష్యమశూచి నెక్కించుట సామాన్యచికిత్సయే గనుక జూలై పరీక్ష ఆనాటివారికి క్రౌర్యముగా తోచకపోవుటలో వింత లేదు. పిమ్మట జెన్నరు ఆ బాలునికి అద్దె లేకుండ నొక యిల్లు నిచ్చినాడు. ఇల్లు మంచిదే, కాని పందెములో పణముగా నెవరి నొడ్డిరో గెలిచినపిదప మఱచుట న్యాయము కాదు.

ఇట్టి టీకారసము మన దేశమునకు వచ్చిన విధము వినదగినది. దారములకు అద్ది యెండబెట్టి పంపిన రసి వేడికి చచ్చిపోవుచుండెను. నిలిచియుండునది బిడ్డ చేతిలోనే. ఒక బిడ్డకు వేయుట, ఎనిమిదవ దినమున ఆ పొక్కును విప్పి రసి తీసి మఱియొక బిడ్డకు వేయుట, ఇట్లు చేతినుండి చేతికి దీపమువలె దానిని అందించుకొనుచు రావలెను. వియన్నా, కాన్‌స్టాంటినోపిలు, బాగ్దాదు, బస్రాల మీదుగా రసి బొంబాయి చేరినది. 1802 జూన్ 14వ తేదీన అన్నా డస్టాల్ అను మూడేండ్ల పిల్లకు అది ఫలించినది. ఆ పిల్ల చేతి పొక్కునుండి ఇతర బిడ్డలకు, వారినుండి మఱికొందఱికి పాకి ఆ సంవత్సరముననే మదరాసు చేరినది. ఆ పిల్ల పేరు మన పాఠ్యపుస్తకములలో నుండవలెనని మా కోరిక. మఱుసటి సంవత్సరము నవంబరులో స్పెయిన్ రాజు అమెరికాకు ఓడ పంపినపుడు బాల్మిస్ అను వైద్యుడు 22 గురు అనాథబాలురను వెంటగొనిపోయెను. నడిసముద్రమున దీపము ఆరిపోకుండ ఇద్దఱిద్దఱికి వరుసగా వేయుచు పోవలసివచ్చెను. వారిని సాకుటకు ఇసబెల్ అను అనాథాలయపు యజమానురాలు తన కుమారునితోసహా ఓడయెక్కినది. వేలకొలది ప్రాణములు ఆ బాలుర చేతులపై దాటిపోయినవి. ఆ చేతులను చాపుమని యడిగిన దెవ్వరు? ఒప్పుకొన్న దెవ్వరు? చదువరులకు న్యూగేటు వరుస జ్ఞప్తికి వచ్చియే యుండును.

చేతినుండి చేతికి వేయు నీ పద్ధతిని మన దేశమున తలిదండ్రులు మిక్కిలి అసహ్యించుకొనిరి. తన బిడ్డ పొక్కును ఎనిమిదవ దినమున చీల్చి యితరులకు రసి తీయుట వారికి గిట్టలేదు. ఏ కులమువాని రక్తమో తన బిడ్డలో చేరునను శంకయు నుండెను. ఆ శంకలో కులాభిమానముండెను. దానిని మేము సమర్థింపము. కాని అందఱి భయమును అజ్ఞానమని కొట్టివేసిన అధికారులు పొరపడిరి. 1861లో ఇటలీలోని రివాల్టా గ్రామమున ఆరోగ్యముగా కానవచ్చిన యొక శిశువు పొక్కునుండి రసి తీసి వేయగా 40 మందికి పైగా బిడ్డలకు సవాయిరోగము సోకినది. పరుల రక్తము బిడ్డలో చేరునను తల్లి భయము, ఆమె చెప్పుకొన్న కారణమునకు కాకపోయినను, వేఱొక కారణమునకు నిజమే యైనది. పిమ్మట దూడల చర్మముపై రసిని పెంచు పద్ధతి వచ్చి ఈ కీడును తొలగించినది. మన రాజధానియందు 1899లో స్థాపితమైన గిండీలోని కింగ్ సంస్థ చిరకాలము ఈ పనియే చేసినది.

కీడు నొప్పుకొని సరిదిద్దుటకు ముందే దొరతనమువారు కఱ్ఱ పట్టుకొనిరి. ఇంగ్లండులో 1853 శాసనము మూడు మాసముల లోపల శిశువునకు టీకా వేయింపవలెనని నిర్బంధించెను. తరువాతి శాసనములు జరిమానాలను హెచ్చించెను. ధనికుడు జరిమానా చెల్లించి తన మాట నిలుపుకొనెను. కూలివాడు సామాను వేలము వేయించుకొనెను. 1885లో లెస్టరు పట్టణమున వేలకొలది జనులు ఊరేగి యెదురు తిరిగిరి. 1898లో మనస్సాక్షి ఒప్పనివారికి మినహాయింపు నిచ్చిరి. మన దేశమున 1880 శాసనము పట్టణములలో నిర్బంధము పెట్టుటకు వీలు కల్పించెను. ఇది పరప్రభుత్వపు చట్టమైనందున దానిని ఎదిరించుట కొందఱికి దేశభక్తిగా తోచెను.

ఇచ్చట మహాత్ముని ప్రసక్తి తప్పదు. తప్పించుకొనుట నిజాయితీయు కాదు. 1913లో దక్షిణాఫ్రికాలో తన పత్రికయందు ఆరోగ్యమునుగూర్చి వ్రాసిన వ్యాసములలో గాంధీజీ టీకాను గట్టిగా ఖండించినాడు. మూగజీవమును బాధించి తీసిన మలినమును మనుష్యశరీరమున చేర్చుట ఆయన అహింసకును శౌచమునకును సరిపడలేదు. ఆ పుస్తకము మన యిండ్లలోను చదువబడినది. 1930 ప్రారంభమున సబర్మతీ ఆశ్రమమున మశూచి ప్రవేశించి కొందఱు పసిబిడ్డల ప్రాణము తీసినది. ఆయన మిక్కిలి కలతపడెను. అయినను తన యభిప్రాయమును విడువలేదు. టీకా వేయించుకొనగోరువారిని ఆయన అడ్డగించలేదు. ఆ స్వేచ్ఛను తలిదండ్రులకే విడిచినాడు.

మేము గాంధీజీ యెడ భక్తిగలవారము. అందుచేతనే ఈ మాట చెప్పుట మాకు కష్టముగానున్నది, చెప్పకుండుట అంతకంటె కష్టముగానున్నది. ఒక వ్రతమునకై పెద్దవాడు తన ప్రాణము నొడ్డవచ్చును. ఆ ప్రాణము వానిది, ఆ వ్రతమును వానిది. చనిపోయిన యా పసివారు ఏ వ్రతమును పట్టలేదు. పెద్దల దీక్షకు ఫలమును వారనుభవించిరి. న్యూగేటు కాలమున పేదబిడ్డల నొడ్డి పరీక్ష చేసినవారిని మేము తప్పుపట్టితిమి. సిద్ధాంతమునకై బిడ్డల నొడ్డుటను మాత్రము ఎట్లు విడిచిపెట్టగలము? వేయించుటలో ఎంత బాధ్యత యున్నదో వేయింపకుండుటలోను అంతయే యున్నది. ఊరకుండుట యెవరి చేతను జరుగని పని యని మనము భ్రమింతుము. ఫ్రాంక్లిన్ అట్లు భ్రమింపలేదు.

మశూచి తుదిఘట్టమును త్వరగా చెప్పుదుము. 1974లో మన దేశమున 1,88,000 మందికి మశూచి సోకి 31,000 మందికి పైగా మరణించిరి. ఇల్లిల్లు వెదకి, రోగి కానవచ్చినచోట చుట్టునున్నవారికెల్ల టీకా వేసి, కంచె కట్టినట్లు రోగమును చుట్టుముట్టిరి. 1975 మే మాసముతో మన దేశమునను, 1977 అక్టోబరులో సోమాలియాతో ప్రపంచమునను సహజముగా వచ్చు మశూచి యంతరించినది. 1980 మే 8వ తేదీన ప్రపంచారోగ్యసభ దానిని ప్రకటించినది. ఆ తుదిదినములలో కొన్నిచోట్ల తలుపులు త్రోసి, పెనుగులాడువారిని పట్టి వేసిరనుటయు నిజమే. ఫలము గొప్పది, చేసిన బలవంతము ఆ ఫలముచేత కడుగబడి పోయినదని మేమనము. మఱియొక విశేషము: రోగము పోగానే టీకానుగూడ ఆపివేసిరి. మొదటిమాఱు వేయించుకొన్న పదిలక్షలమందిలో ఇంచుమించు ఒకరు ఆ టీకావలన చనిపోవుచుండిరి. మశూచి యున్నంతకాలము చిన్నదిగానున్న యా యపాయము, మశూచి లేని దినమున అన్యాయమైనది. ఒకనాడు చెల్లిన తూకము మఱునాటికి చెల్లదని యొప్పుకొన్న శాస్త్రమునందు మాకు నమ్మకము హెచ్చినది.

ఇక మన తెలుగునాటి ముచ్చట యొకటి. స్త్రీల గర్భాశయ ముఖద్వారమున వచ్చు క్యాన్సరునకు కారణమైన క్రిమి నరికట్టు టీకాను 2009లో అప్పటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములందు 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు పరిశోధనార్థము వేసిరి. సుమారు 14,000 మంది బాలికలు. పెక్కండ్రు గిరిజనుల పిల్లలు. అనేకులు తలిదండ్రులకు దూరముగా వసతిగృహములలో నుండి చదువుకొనువారు. కొందఱు బాలికలు మరణించిన వార్తలు రాగా 2010 ఏప్రిలులో పనిని నిలిపివేసిరి. విచారణసంఘము ఆ మరణములకు టీకా కారణమని తేల్చలేదు. కాని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో వేఱొక సంగతి బయటపెట్టెను. పరిశీలించిన 9,543 అంగీకారపత్రములలో 1,948 పత్రములపై వేలిముద్రలును, 2,763 పత్రములపై వసతిగృహాధికారుల సంతకములును ఉన్నవి. తండ్రి పొలములోనో అడవిలోనో యున్నాడు. తల్లి కెవ్వరును చెప్పలేదు. గృహాధికారి కలము తీసికొని బిడ్డ చేతిని చాపినాడు. న్యూగేటు గడచి దాదాపు మూడువందలయేండ్లకు, శాస్త్రమెంతయో పెరిగినపిదప, ఆ వరుసలో మొదట నిలిచినది మఱల పేదబిడ్డయే.

టీకా మంచిదే. రోగము నరికట్టుటలో దాని శక్తినిగూర్చి సందేహములేదు. మన దేశమున ఏటేట వేలకొలది స్త్రీలు ఆ క్యాన్సరుచే మరణించుచున్నారు. అయినను ఆ సంతకములవలన పుట్టిన అపనమ్మకము పెక్కేండ్లు దాని పేరెత్తనీయలేదు. అదే టీకాను 2018లో సిక్కిము ప్రభుత్వము తన బడులలో 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయ నారంభించెను. ముందుగా ఉపాధ్యాయులను, తలిదండ్రులను, వైద్యులను, పత్రికలవారిని కూర్చుండబెట్టి, రోగమేమి, టీకా యేమి, నొప్పి జ్వరము లెట్లుండునో విడమఱచి చెప్పిరి, ప్రశ్న లడుగనిచ్చిరి. ఆ చిన్నరాష్ట్రమున నూటికి 97 మంది బాలికలు వేయించుకొనిరి.